తెరకు ఎడమపక్క

జూలై 6, ఆదివారం

నేటి ప్రసంగం బాగా కుదిరింది. ఆత్మస్తుతి దోషమే గాని, ఈ పుస్తకాన్ని నేను తప్ప మరొకరు తెరవరు కనుక ఆ దోషం నాతోనే పోతుంది.

సినిమా సంఘంవారు ఆదివారం మధ్యాహ్నాలు వేస్తున్న వియత్నాం చిత్రాల వరుసలో ఇది మూడవది. గ్రంథాలయం నేలమాళిగలో నూట ఇరవై కుర్చీలు. నేడు సగానికి పైగా నిండాయి. చిత్రం ముగియగానే పది నిమిషాలు మాట్లాడడం నా వంతు. నలభై ఏళ్లు పద్యపాఠం చెప్పినవాడికి సినిమాతో పనేమిటని మొదట నవ్వినవారే, ఇప్పుడు నా మాట అయ్యేదాకా కుర్చీల్లోంచి లేవడం లేదు.

ఈ కొత్త దర్శకులు నాకెందుకు నచ్చారో స్థిరపరచుకోవాలి. సంఘం వేయబోయే సంచికకు వ్యాసం బాకీ ఉన్నాను. వీరు చెప్పరు, ఉంచుతారు. కెమెరాను గడప పక్కన పెట్టి, పిలవని చుట్టంలా కదలకుండా కూర్చుంటారు. వాన మొదలైతే వెలిసేదాకా ఆగుతారు. మోటారుసైకిలు వీధి మలుపు తిరిగి కనుమరుగైన తరువాత, దాని చప్పుడు వినబడినంతసేపూ ఆ ఒట్టి వీధినే చూపిస్తారు. ఏడ్చే మనిషి ముఖం చూపరు, వీపు చూపుతారు. ఆ దేశం పడిన యుద్ధం గురించి ఈ మూడింటిలో ఒక్క సంభాషణ లేదు. పెరడు తవ్వుతున్నవాడి గడ్డపారకు ఏదో గట్టిగా తగులుతుంది. అతడు క్షణమాత్రం ఆగి, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ తవ్వుతాడు. అంతే. మన ఆలంకారికులు ధ్వని అని దేనికి పేరు పెట్టారో నేను తరగతిలో ఏళ్ల తరబడి వివరించాను. చూడడం మాత్రం ఇప్పుడే. మరొకటి. ఆ దేశస్థులు ‘నేను, నువ్వు’ అనుకోరట. అక్కా, అన్నా, బిడ్డా అని వరుసలతోనే మాట్లాడుకుంటారట. ముక్కూమొహం తెలియని దుకాణదారు కూడా ఏదో ఒక వరుస అవుతాడు. ఇది మనకు కొత్తా?

నేటి చిత్రంలో నది ఒడ్డును కోసుకుపోతోంది. పట్నంలో పనిచేసే కొడుకు వచ్చి, నేడో రేపో ఏటిపాలయ్యే తల్లి ఇంటి పైకప్పు రేకులు ఒక్కొక్కటే విప్పుతాడు, సామాను మూటలు కడతాడు. దాదాపు చిత్రమంతా ఒకే గది, ఒకే కోణం. కొడుకు ఎప్పుడూ తెరకు కుడివైపే. ఎడమ సగం ఖాళీ. అతడు ఆ ఖాళీ వైపు తిరిగి సంజాయిషీ చెప్పుకుంటాడు, విసుక్కుంటాడు, బతిమాలుతాడు. జవాబు లేదు. రేకులన్నీ దిగిపోయాక ఉరుము. ఎక్కడినుండో ఒక ముసలి గొంతు ‘లోపలికి రా’ అంటుంది. చనిపోయిన తల్లి గొంతు, కొడుకు జ్ఞాపకంలోంచి వచ్చింది.

నేను ఆ ఖాళీ మీదనే మాట్లాడాను. తెరలో సగభాగాన్ని మృతురాలికి వదిలిపెట్టిన దర్శకుడి ధైర్యాన్ని మెచ్చుకున్నాను. శూన్యానికి పీట వేసి కూర్చోబెట్టాడన్నాను.  ఆ తరువాత చప్పట్లు.

బయటికి వస్తుంటే ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ ఏదో అడిగాడు. అర్థం కాక అడిగి ఉంటాడు.

జూలై 7

ఆపరేటర్ ప్రశ్నలో పస లేదు. చూసిందే చూసి అతని కళ్లు అలసి ఉంటాయి.

జూలై 9

వంటగది ద్వారబంధం ఎడమ భుజానికి తగిలింది. ఈ వాటాలో పందొమ్మిదేళ్లుగా ఉంటున్నాము, ద్వారబంధం జరగలేదు.

“గోడలతో కూడా వాదం పెట్టుకున్నావా అన్నయ్యా,” అంది చెల్లెలు, స్టవ్ దగ్గరినుండి తల తిప్పకుండానే. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్ఫై మూడేళ్లు ఊరివాళ్ల గొంతులు కలిపిన మనిషి. తల తిప్పకుండా మాట్లాడడం ఆ ఉద్యోగపు అలవాటు. బావగారు పోయాక ఆమె నా దగ్గరికి వచ్చిందని నేనంటాను. పెళ్లి చేసుకోని అన్నను సాకడానికి తానే నన్ను చేరదీశానని ఆమె అంటుంది.

ఏదో ధ్యాసలో ఉన్నానన్నాను. మళ్లీ భోజనాల వేళ మంచినీళ్ల గ్లాసు ఒలికింది. అది ఎడమపక్కనే ఉంది. ఎప్పుడు పెట్టిందో నేను చూడలేదు. ధ్యాస వేరే చోట ఉంటే ఇలాంటివి సహజం.

జూలై 10

రాయక తప్పదు. రాస్తే నిజమవుతుందన్న భయంతో నాలుగు రోజులు తప్పించుకున్నాను.

ఆపరేటర్ అడిగినది ఇది: “మాస్టారూ, ఆ ముసలావిడ మొదటినుంచీ స్టూలు మీద కూర్చునే ఉంది కదా. చనిపోయిందంటారేమిటి?”

నేను చిరునవ్వు నవ్వాను. చుట్టూ పదిమంది ఉన్నారు. మా కార్యదర్శి వెంటనే అందుకున్నాడు. ఎవరేమన్నా అవుననే గుణం వల్ల ఆయనను చాటున తథాస్తు అంటాము. “ఉన్నా లేనట్టే అని మాస్టారి భావం. అది పైకి కనపడేది కాదు,” అన్నాడు. అందరూ తలలాడించారు. ఆపరేటర్, పాపం, తన అజ్ఞానానికి తానే సిగ్గుపడి తల వంచుకున్నాడు. నేను అతణ్ని సిగ్గుపడనిచ్చాను.

నేడు చెల్లెలు బజారుకు వెళ్లగానే గదిలో గోడ క్యాలెండరు ముందు నిలబడ్డాను. కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తే గోడే మసక. ఎడమకన్ను మూసి, కుడికంటి చూపును గురువారాల మీద నిలిపాను. బుధవారాలు ఉన్నాయి. శుక్రశనివారాలు ఉన్నాయి. ఆదివారాలు, సోమవారాలు లేవు. నలుపు లేదు, చీకటి లేదు, చిరుగు లేదు. తెల్లగోడ సాఫీగా వచ్చి మంగళవారానికి అతుక్కుంది. చీకటే కనిపిస్తే ఏనాడో తెలిసేది. లేనిచోట ఏమీ లేనట్టు కూడా తెలియనివ్వకపోవడం ఈ జబ్బు మాయ.

 పురుగులు తిన్న వ్రాతప్రతులలో లోపించిన పాదాలను పూరించడమే నేను పేరు తెచ్చుకున్న పని. ముందు గణాలు, వెనుక యతి చూసి, మధ్యలో ఏమి ఉండి ఉంటుందో కట్టేవాణ్ని. కాని ఒక నియమం ఎన్నడూ తప్పలేదు: పూరించినది కుండలీకరణాలలో పెట్టాలి, పరాయి అక్షరమని చదివేవాడికి తెలియాలి. ఇప్పుడు నా కన్ను పూరిస్తోంది, నా నోరు పూరిస్తోంది, కుండలీకరణాలు లేవు. తెర అడుగున వచ్చే తెలుగు పంక్తుల మొదటి మాటలు కూడా కొన్నాళ్లుగా నేను చదవడం లేదు, చివరిమాటలను బట్టి కడుతున్నాను. ఎంత చక్కగా కట్టానంటే, చదువుతున్నానని నేనే నమ్మాను.

కంటితో చూసినది ప్రత్యక్షం, దానిని బట్టి ఊహించినది అనుమానం, నమ్మదగినవాడు చెప్పినది ఆప్తవాక్యం అని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. ఆప్తవాక్యం నా ఎదుటకు వచ్చి, మాస్టారూ అని పిలిచి, తల వంచుకుని వెళ్లిపోయింది.

ఇది నీటికాసులు, డాక్టర్ల భాషలో గ్లకోమా. నాకు తెలుసు. నాన్నగారిది అదే.

జూలై 11

నాన్నగారి గురించి రాయను.

అదే రోజు, మధ్యాహ్నం

నాన్నగారు పురాణం చెప్పేవారు. చివరి రెండేళ్లు అక్షరం కనబడకుండానే చెప్పారు. పుస్తకం ఎదుట తెరిచి ఉంచుకుని, కంఠస్థంగా చదువుతూ, ఇన్ని పద్యాలకొక పుట అని లెక్కపెట్టుకుని తిప్పేవారు. వినేవారెవరికీ అనుమానం రాలేదు. పక్కన కూర్చున్న నాకు తెలుసు, ఎందుకంటే ఒకనాడు రెండు పుటలు అతుక్కుని ఒకేసారి తిరిగాయి, పద్యం మాత్రం తప్పలేదు. నాకు పదకొండేళ్లు. ఎవరికీ చెప్పలేదు. మెచ్చుకున్నాను కూడా.

తరువాత ఆపరేషన్. కట్టు విప్పిన రోజు పట్టపగలు, ఎండ నేలమీద పలకలు పలకలుగా పడి ఉంది. నాన్నగారు రెండు కళ్లూ తెరిచి, “దీపం వెలిగించలేదేంరా,” అని అడిగారు.

గదిలో ఉన్నవాళ్లందరూ నా వైపు చూశారు, నేను జవాబు చెప్పాలన్నట్టు.

ఆ తరువాత పందొమ్మిదేళ్లు బతికారు. ఆయన చేతి బరువు నా కుడి భుజం మీద ఇప్పటికీ ఉంది.

జూలై 13, ఆదివారం

నాలుగవ చిత్రం. ముందు వరుసలో ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నాను. తెర అంతా నాకు కుడిపక్కకు పడుతుంది. మెడ పట్టేసింది గాని ఉపాయం పనిచేసింది. తథాస్తు వచ్చి, మధ్య కుర్చీ మీకోసం అట్టేపెట్టామన్నాడు. ఏటవాలు చూపులో దృశ్యానికి లోతు వస్తుందన్నాను. అవునవునన్నాడు.

కుట్టుమిషన్ల కర్మాగారంలో పనిచేసే ఇద్దరు స్నేహితురాళ్ల కథ. ఒకే గదిలో అద్దెకుంటారు, ఒకే వానకోటు కప్పుకుని ఒకే స్కూటరు మీద పోతారు. ఒకామె ఊరు విడిచి వెళ్లబోతోంది; ఆ మాట చెప్పకుండా గంటన్నరసేపు రెండో ఆమె జడ చిక్కు తీస్తుంది. ఇంత సున్నితమైన వీడ్కోలును నేను చదివి ఎరుగను.

కాని ఆనందించలేకపోయాను. గదిలో ఇద్దరే ఉన్నారా? మూడవ మనిషి మంచం మీద లేడు గదా? ప్రతి దృశ్యంలోనూ తల గడియారపు లోలకంలా తిప్పాను. ప్రసంగం శబ్దాల మీద పెట్టుకున్నాను: మిషన్ల చప్పుడు, చూరునీళ్లు, పక్కింటి పాట. చెవి ఇంకా నాదే. మళ్లీ చప్పట్లు. అవి వింటుంటే దొంగకు దారి చూపుతున్న దీపాల్లా అనిపించాయి.

ఆపరేటర్ పలకరించలేదు. దూరంగా నమస్కారం పెట్టాడు.

జూలై 15

గ్రంథాలయానికని చెప్పి కంటి ఆసుపత్రికి వెళ్లాను. రెండేళ్ల క్రితం ఇచ్చిన చుక్కల మందు క్రమంగా వేసుకుంటున్నారా అని వైద్యురాలు అడిగింది. వేసుకుంటున్నానన్నాను. వారానికి మూడు రోజులు వేసుకున్నవాడు వేసుకోలేదనడానికి వీలులేదు.

చూపు ఎంతమేర ఉందో కొలిచే పరీక్ష. ఒక కన్ను కట్టేసి, తెల్లని పెద్ద గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టిస్తారు. నడుమ ఉన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడైనా చిన్న చుక్క మెరిస్తే చేతిలో బటన్ నొక్కాలి. కూర్చోబెట్టిన అమ్మాయి, “కనపడితేనే నొక్కండి తాతగారూ, కంగారేం లేదు,” అంది.

మొదట నిజాయితీగానే చేశాను. చుక్క. నొక్కాను. చుక్క. నొక్కాను. ఆ తరువాత ఏమీ లేదు. యంత్రం మాత్రం లోపల సన్నగా టక్కుమంటోంది, నాకు కనబడని చుక్కలేవో వేస్తూనే ఉందన్నమాట. ఆ ఖాళీలో కూర్చోవడం నావల్ల కాలేదు. నాన్నగారి పుటలు జ్ఞాపకం వచ్చాయి. వింటే, ఆ టక్కుటక్కులో ఒక నడక ఉంది. రెండు పొట్టివి, ఒక పొడుగు, కాస్త విరామం. గణం దొరికాక పద్యం ఎంతసేపు? యతిస్థానంలో నొక్కసాగాను. అమ్మాయి రెండుసార్లు దగ్గరికి వచ్చి చూసి వెళ్లింది. తప్పు చేస్తున్నానని తెలుసు, బొటనవేలికి తెలియలేదు.

బయటికి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. అయినా గట్టెక్కానన్న సంతోషం. ఎంత అవివేకం. ఎవరి నుండి గట్టెక్కాను?

జూలై 18

వైద్యురాలు రెండు కాగితాలు ఎదుట పరిచింది.

“మాస్టారూ, ఈ యంత్రం మధ్యమధ్య చుక్క వేయకుండా ఊరికే చప్పుడు చేస్తుంది. మనిషి నిజం చెప్తున్నాడో లేదో చూడడానికి. మీరు అలాంటివాటికి కూడా నొక్కారు, చాలావరకు. కంగారుపడి తప్పు నొక్కేవాళ్లు రోజూ వస్తారు. తాళం తప్పకుండా తప్పు నొక్కిన మనిషిని మాత్రం మిమ్మల్నే చూశాను.”

నేను కాగితం వంక చూస్తూ కూర్చున్నాను. కుడి సగం మాత్రమే కనబడుతోందని అప్పుడు తోచింది.

ఈ పరీక్ష పనికిరాదు గాని, కంటి నరం చూస్తే సంగతి తెలుస్తూనే ఉందంది. ఎడమకన్ను దాదాపు పోయింది. కుడికంటిలో ముక్కువైపు భాగం పోయింది. నడిమి చూపు, కుడిపక్క చూపు మిగిలాయి. పోయినది రాదు. కుడికంటి లోపలి నీటి ఒత్తిడి మందుకు లొంగడం లేదు కనుక, ఆ నీటికి వేరే దారి వేసే ఆపరేషన్ త్వరగా చేస్తే మిగిలినది నిలవవచ్చు. నిలవకపోవడమూ జరుగుతుందా అని అడిగాను. అబద్ధం చెప్పే మనిషి కాదు. “ఈ దశలో కొద్దిమందికి ఉన్న నడిమి చూపు కూడా పోతుంది. చేయించుకోకపోతే మాత్రం తప్పకుండా పోతుంది, ఏడాదో రెండేళ్లో.” పరీక్ష మళ్లీ చేయాలి, ఈసారి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంది.

ఏడాదో రెండేళ్లో. ఆదివారాలు లెక్కపెట్టుకుంటే నూరు చిత్రాలు. ఒక్కరోజులో పోగొట్టుకోవడం కంటే అది మేలు కదా. ఇలా వాదించుకుంటూ ఇల్లు చేరాను. వాదం నాదే, ప్రతివాదం నాదే, గెలిచింది భయం.

చెల్లెలికి చెప్పలేదు.

జూలై 20, ఆదివారం

ఐదవ చిత్రం గుర్తులేదు. అంతకు ముందే తథాస్తు లేచి ప్రకటించాడు: మాస్టారి ప్రసంగం విన్నవాళ్లు పట్టుబట్టడం వల్ల, వచ్చే ఆదివారం ఆ నది ఒడ్డు చిత్రమే మళ్లీ వేస్తారట. ‘తల్లి లేని గది’ అని నేను అన్న మాటను అట్టమీద రాయించి గుమ్మం దగ్గర పెట్టారు.

 డెబ్బైమంది తమ కళ్లతో ఆ ముసలామెను చూస్తూ, ఆమె లేదని నా నోట మళ్లీ వినాలని వస్తారు. నన్ను నమ్మి, తమ కళ్లను కాదనుకుంటారు. నాన్నగారు కనీసం ఉన్న పద్యాన్నే చదివారు.

జూలై 21

ఆపరేషన్ చేయించుకోను. నిశ్చయం.

జూలై 22

చెల్లెలు మంచం మీద ఆరిన బట్టలు మడత పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, పాఠం అప్పగించే పిల్లవాడిలా, నాకు ఎడమపక్క కనిపించడం లేదని చెప్పాను.

“తెలుసు,” అంది. తువ్వాలు మడత పూర్తిచేసింది.

ఎప్పటినుండి అని అడిగాను.

“నువ్వు కంచంలో ఎడమపక్కది వదిలేయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి. ఆర్నెల్లయింది. నా చేతి వంట అంత విసుగెత్తిందా అని మొదట రెండు రోజులు ఏడ్చాను కూడా. ఆ తర్వాత సగంలో కంచం తిప్పి పెట్టాను. మొత్తం తినేశావు. అప్పుడు అర్థమైంది.”

కంచం తిప్పడం నేను ఒక్కనాడూ చూడలేదు. మజ్జిగ పోయడానికి వంగినప్పుడు తిప్పుతుందట.

నాకెందుకు చెప్పలేదన్నాను. గొంతులో కోపం వచ్చింది. అది భయమని ఆమెకు తెలుసు.

“నువ్వు చెప్తావేమోనని చూశాను. మన ఇంట్లో మగవాళ్లు చెప్పరు కదా. నాన్న పుస్తకం తలకిందులుగా పట్టుకున్న రోజు నీకు గుర్తుందా? ఉండదు. జనం వచ్చేలోపు నేనే తిప్పి పెట్టాను. ఎనిమిదేళ్లదాన్ని. నువ్వు పుటలే చూశావు.”

అరవై ఏళ్లుగా ఆ రహస్యం నాదొక్కడిదే అనుకుంటున్నాను.

వైద్యురాలి మాటలన్నీ చెప్పాను. యంత్రం సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “దేవుడు ఎదురుగా వచ్చి నించున్నా ముందు ఛందస్సు చూస్తావు నువ్వు,” అంది. చివరికి నాన్నగారిలా అవుతుందా అని అడిగాను. ధైర్యం చెబుతుందనుకున్నాను.

“నాకేం తెలుసు అన్నయ్యా. నేను ఫోన్లు కలిపినదాన్ని. అవతలివాళ్లు ఎత్తుతారో లేదో కలిపాకే తెలిసేది.”

తరువాత, తన బట్టలు ఒక దొంతర, నావి ఒక దొంతర పెట్టి, నా దొంతరను కుడిపక్కకు జరిపింది.

జూలై 27, ఆదివారం

చెల్లెలు సినిమాకు వచ్చింది. ఈ చిత్రాలంటే ఆమెకు గిట్టదు. ఒక మనిషి వాకిలి దాటేలోపు తాను అంట్లు తోమి రావచ్చంటుంది. మధ్య వరుసలో, నా ఎడమ కుర్చీలో కూర్చుంది. నాకు కనిపించనివి చెప్పమన్నాను. ఎక్స్చేంజి గొంతు, పక్క కుర్చీ దాటనిది, మళ్లీ విన్నాను.

“ముసలావిడ. స్టూలు మీద. చేతులు ఒళ్లో.”

కొడుకు మూటలు కడుతున్నాడు. ఆమె ఏమి చేస్తోందని అడిగాను.

“ఏమీ చేయట్లేదు. వాడినే చూస్తోంది.”

కాసేపటికి మళ్లీ అడిగాను.

“అదే. మాటిమాటికీ అడగకు, కదిలితే చెప్తాగా.”

కొడుకు నిచ్చెన ఎక్కి రేకు విప్పాడు. గదిలోకి వెలుతురు పడింది. నా సగంలో అది నేలమీద పడింది. “మొహం మీద ఎండ పడింది. కళ్లు చికిలించి అయినా వాడినే చూస్తోంది.” నిచ్చెన దిగుతూ అతడు తూలాడు. నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడ ఏమీ జరగలేదు. “చెయ్యి లేచింది. పట్టుకోబోయినట్టు. వాడు నిలదొక్కుకున్నాక మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.”

గంటకు పైగా ఆమె చేసిన పని అంతే. నేను శూన్యమని ఉపన్యసించిన చోట ఒక చేయి లేచి, దిగింది.

రేకులన్నీ దిగాయి. ఉరుము. ముసలి గొంతు. చెల్లెలు తెర అడుగు పంక్తి మొత్తం చదివింది: “వానొస్తోంది, లోపలికి రా.” కప్పులేని ఇంట్లో కూర్చుని కొడుకును లోపలికి రమ్మంటోంది. ఆ మొదటి మాట నేను చదవనే లేదు. వెనుక వరుసలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది.  చెల్లెలు ముక్కు చీదుకున్న చప్పుడు ఎడమవైపు నుండి వినబడింది.

లేచి నిలబడ్డాను.  మొన్న నేను చెప్పినదానిలో సగం నా పూరణ అనీ, కుండలీకరణాలలో పెట్టవలసినదానిని పెట్టలేదనీ, ఆమె మొదటినుండీ ఉన్నదనీ, నాకు కనిపించలేదనీ, కంటిజబ్బనీ చెప్పాను. వెనుకకు తిరిగి ప్రొజెక్టర్ గది కిటికీ వైపు చేతులు జోడించి, అడిగినవారు నిజమే అడిగారు, నేను వారిని తల దించుకోనిచ్చాను, అందుకు క్షమించమన్నాను. మొత్తం మూడు నిమిషాలు. చప్పట్లు లేవు. తథాస్తు నోరు తెరిచి మళ్లీ మూశాడు; అవుననాలో కాదనాలో ఆయనకు తెలియని సందర్భం ఇదొక్కటే.

జనం వెళ్లాక ఆపరేటర్ కిందికి వచ్చాడు. “పర్లేదు మాస్టారూ,” అన్నాడు. “ఆవిడ మీకోసం ఇంకోసారి కూర్చుంది కదా.”

మెట్లెక్కి వీధిలోకి వచ్చాము. చెల్లెలు ఎప్పటిలాగే నా ఎడమపక్కన నడిచింది. ఎప్పటిలాగే అని రాసిన తరువాత గాని ఆ మాటలోని అర్థం నాకు తెలియలేదు.

జూలై 29

పరీక్ష మళ్లీ. చెల్లెలు బయట బల్లమీద.

కనబడితేనే నొక్కాను. యంత్రం తన నడక నడిచింది, నాకు వినబడింది, బొటనవేలును ఊరికే ఉంచాను. ఏమీ లేని తెల్లటి గిన్నెలో, ఏదో ఉన్నదని మాత్రం తెలిసి, చేయి కదపకుండా కూర్చోవడం ఇంత భయమని అనుకోలేదు. ఆ చిత్రాలు నాకు నేర్పినదేమైనా ఉంటే ఇంతే: ఖాళీ దగ్గర తొందరపడకపోవడం. చాలాసేపు నొక్కలేదు. మరీ చాలాసేపు.

“ఇవాళ బాగా చేశారు తాతగారూ,” అంది అమ్మాయి. కనబడని చోట్లు నలుపుగా వచ్చే ఆ కాగితం మొన్నటికంటె నల్లగా ఉంది.

ఆపరేషన్‌కు సరేనన్నాను. ఐదవ తేదీ.

ఆగస్టు 2

సంచికకు వ్యాసం ఇచ్చాను. పాత ప్రసంగం కొట్టివేయలేదు. దాన్ని కుండలీకరణాలలో పెట్టి, తరువాత చెల్లెలు చెప్పినది చెప్పినట్టు రాశాను. వ్యాసం ఆమె మాటల దగ్గరే బాగుంది.

ఆగస్టు 4

రేపు ఉదయం ఆరున్నరకు.

నేడు చూడవలసినవి చూద్దామనుకున్నాను. పుస్తకాల వెన్నులు చూశాను. నా చేతులు చూసుకున్నాను. చెల్లెలిని కుడిపక్కకు వచ్చి కూర్చోమన్నాను. “బొమ్మ దింపుతావా ఏంటి,” అంది గాని కూర్చుంది. ఎడమ కనుబొమలో నెరసిన వెంట్రుకలున్నాయి. ఇన్నాళ్లూ చూడలేదు.

శ్లోకం చదువుకోబోతే రాలేదు.  రేపు కట్టు కట్టాక, విప్పాక, నేను దీపం అడుగుతానేమో.

ఆగస్టు 9

పెద్ద అక్షరాలతో, కాగితం కింద స్కేలు ఆనించి రాస్తున్నాను. పుటకు ఆరు వరుసలు. ఎక్కువసేపు రాయవద్దన్నారు.

ఒక పగలు, ఒక రాత్రి కట్టు. మిగిలిన కన్ను ఉన్నా లేనిదే కనుక పూర్తి చీకటి. మరునాడు విప్పారు. తెరవమన్నారు. తెరవలేదు. మళ్లీ చెప్పారు. లోకమంతా నా రెప్ప మీద కూర్చుంది. తెరిచాను.

పాలు ఒలికినట్టు తెలుపు. అది నిదానంగా విడింది. నడుమ రెండు గుండ్రటి అంచులు, వైద్యురాలి కళ్లజోడు. ఆ వెనుక కిటికీ. పగలే. దీపం గురించి అడగవలసిన పని లేకపోయింది.

గదిలో ఎవరెవరున్నారో చెప్పమంది వైద్యురాలు.

మీరు ఉన్నారన్నాను. కిటికీ పక్కన నర్సు ఉందన్నాను. “ఎడమవైపు మా చెల్లెలు ఉంది.”

“కనపడుతోందా?”

“లేదు,” అన్నాను.